మారుపేరుతో బతికిన ద్రాక్ష

2008 చివర్లో అమెరికా పత్రిక 'వైన్ స్పెక్టేటర్' ఆ ఏటి నూరు మేటి వైన్లను ఎంచి, మొదటి స్థానం చిలీ దేశపు ఎర్ర వైన్ ఒకదానికి ఇచ్చింది. దాని పేరు క్లో అపాల్టా, 2005 నాటి పంట. కొల్చాగువా లోయలోని అపాల్టా కొండవాలు తోటల్లో పండిన నాలుగు రకాల ద్రాక్షలతో చేసిన బ్లెండ్ అది. అందులో కాబెర్నే సావిన్యోన్ ఉంది, మెర్లో ఉంది, కొద్దిపాటి పెటీ వెర్డో ఉంది. అన్నిటికన్నా పెద్ద వాటా మాత్రం కార్మెనేర్‌ది.

ఇందులో వింత ఏమిటంటే, ఆ జాబితా వెలువడడానికి పద్నాలుగేళ్ల ముందు దాకా చిలీలో కార్మెనేర్ అనే ద్రాక్ష ఉన్నట్టు లెక్కల్లోనే లేదు. అది పుట్టి పేరు తెచ్చుకున్న ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో అది దాదాపు అంతరించి శతాబ్దం దాటింది. పోనీ, ఈమధ్య ఎవరో తెచ్చి నాటారనుకుందామా అంటే, అపాల్టాలో పంట ఇచ్చినవి దశాబ్దాల నాటి ముసలి తీగలు. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో నాటిన మొదళ్లు. లెక్కల్లో లేని ద్రాక్ష అంత కాలం అంత బాహాటంగా ఎలా బతికింది? దాన్ని ఎవరు తెచ్చారు? ఎవరు, ఏ గుర్తుతో పట్టుకున్నారు? ఒక్కో ఆధారాన్ని పట్టుకుని నడిస్తే ఈ ప్రశ్నలన్నిటికీ సమాధానాలు దొరుకుతాయి. చివరికి బోర్డో బ్లెండ్ అనే ప్రపంచ ప్రసిద్ధమైన కలయిక వంశవృక్షమే బయటపడుతుంది.

ముందు బోర్డో నుంచి మొదలుపెట్టాలి. అక్కడి ఎర్ర వైన్‌కు నియమావళి సంప్రదాయంగా ఆరు ద్రాక్షలను ఒప్పుకుంటుంది. కాబెర్నే సావిన్యోన్, మెర్లో, కాబెర్నే ఫ్రాంక్, పెటీ వెర్డో, మాల్బెక్, కార్మెనేర్. ఇన్ని రకాలు కలపడం రుచి కోసమే అనుకుంటాం కానీ, మొదట అది రైతు ముందుజాగ్రత్త. బోర్డో అట్లాంటిక్ సముద్రానికి దగ్గర. ఎప్పుడు వాన పడుతుందో, ఎప్పుడు మంచు కురుస్తుందో చెప్పలేని చోటు. మెర్లో త్వరగా చిగురిస్తుంది, త్వరగా పండుతుంది. వసంతంలో మంచు పడితే ముందు దెబ్బ తినేది అదే. కాబెర్నే సావిన్యోన్ ఆలస్యంగా చిగురించి ఆలస్యంగా పండుతుంది. శరదృతువులో వానలు ముందే వస్తే నష్టపోయేది అది. రెండూ ఉన్న రైతుకు ఏదో ఒకటి చేతికొస్తుంది. రుచిలో పొందిక ఆ తర్వాత కనుక్కున్న సంగతి: కాబెర్నే సావిన్యోన్ వగరుతో వైన్‌కు బిగువు ఇస్తుంది, మెర్లో ఆ బిగువు మీద మెత్తదనం పరుస్తుంది, పెటీ వెర్డో రంగునూ ఘాటునూ చేరుస్తుంది.

1855లో మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం మెడాక్ వైన్లను శ్రేణులుగా విడదీయించాడు. ఆ పట్టిక ఈనాటికీ చెల్లుతోంది. ఆ రోజుల్లో మెడాక్ తోటల్లో కార్మెనేర్ ఉండేది. కాబెర్నే ఫ్రాంక్‌తో పాటు పెద్ద పెద్ద ఎస్టేట్ల పేరు నిలబెట్టిన ద్రాక్ష అది. కానీ ఇప్పుడు మెడాక్‌లో వెతికితే మిగతావన్నీ కనిపిస్తాయి, ఆరోది దొరకడం గగనం. నియమావళిలో పేరుంది, నేల మీద తీగ దాదాపు లేదు. ఇదే మొదటి ఆధారం. తప్పిపోయినవాడి పేరు హాజరుపట్టీలో ఇంకా కొట్టేయలేదన్నమాట.

అది ఎందుకు పోయిందో చెప్పడం తేలికే. 1860లలో దక్షిణ ఫ్రాన్స్ తోటలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868లో మోంపెలియేకు చెందిన వృక్షశాస్త్రవేత్త జూల్-ఎమిల్ ప్లాంషోన్, ఆయన సహచరులు చనిపోతున్న తీగలను వదిలి, పక్కనే ఇంకా పచ్చగా ఉన్న తీగల వేళ్లు తవ్వి చూశారు. వాటి నిండా పసుపు రంగు పేలు. చచ్చిన వేళ్ల మీద తిండి దొరకక అవి అప్పటికే పక్క మొక్కకు వలసపోతున్నాయి, అందుకే అంతకు ముందు చూసినవాళ్లకు కనబడలేదు. ఈ ఫిలాక్సెరా పురుగు ఉత్తర అమెరికా నుంచి మొక్కలతో పాటు ఓడెక్కి వచ్చింది. ఫ్రాన్స్ వైన్ ఉత్పత్తి 1875లో దాదాపు 845 లక్షల హెక్టోలీటర్లు ఉంటే, 1889 నాటికి 234 లక్షలకు పడిపోయింది. ఒక దేశపు వ్యవసాయం ఇంత వేగంగా కూలిన సందర్భాలు చరిత్రలో అరుదు.

విరుగుడు కూడా అమెరికా నుంచే వచ్చింది. అక్కడి అడవి ద్రాక్షల వేళ్లు ఆ పురుగును తట్టుకుంటాయి. అమెరికా వేరు మీద యూరప్ కొమ్మను అంటు కడితే తోట నిలబడుతుంది. (ఈ అంటు విద్య మన దేశానికీ వచ్చింది. నాసిక్, సాంగ్లీ ద్రాక్ష రైతులు వాడే 'డాగ్‌రిడ్జ్' వేరు మొక్క టెక్సస్ అడవి ద్రాక్ష సంతతే. అయితే అక్కడి అవసరం ఉప్పు నేలనూ నీటి ఎద్దడినీ తట్టుకోవడం.) బోర్డో రైతులు తోటలన్నీ పీకి మళ్లీ నాటారు. మళ్లీ నాటేటప్పుడే అసలు ఎంపిక జరిగింది. కార్మెనేర్ పూత సమయంలో చలిగా ఉండి వాన పడితే పూత రాలిపోతుంది, పిందె కట్టదు. కట్టినా చాలా ఆలస్యంగా పండుతుంది. అప్పులు చేసి కొత్త తోట వేస్తున్న రైతు, నాలుగేళ్లలో రెండేళ్లు పంట ఎగ్గొట్టే రకాన్ని ఎందుకు నాటుతాడు? పురుగు ఆరింటినీ చంపింది. వాటిలో ఐదింటిని రైతు తిరిగి తెచ్చుకున్నాడు, ఒకదాన్ని వదిలేశాడు.

ఇక్కడ తేదీలు ముఖ్యం. ఫ్రాన్స్‌లో పురుగు జాడ మొదట కనిపించింది 1863 ప్రాంతంలో. అంతకు పన్నెండేళ్ల ముందే, 1851లో, సిల్వెస్త్రె ఒచగవియా అనే చిలీ సంపన్నుడు ఫ్రాన్స్ నుంచి మేలురకం ద్రాక్ష కటింగులు తెప్పించి శాంతియాగో దగ్గర మైపో లోయలో నాటించాడు. అప్పటిదాకా చిలీలో ఉన్నవి స్పెయిన్ మతగురువులు తెచ్చిన పాత రకాలు. గనుల మీద డబ్బు చేసుకున్న కుటుంబాలు యూరప్ చూసొచ్చి, బోర్డో భవనాల్లాంటి భవనాలు, బోర్డో తోటల్లాంటి తోటలు తమకూ కావాలనుకున్నాయి. వారి వెంట మరికొందరు కటింగులు తెప్పించారు. ఆనాటి బోర్డో తోటలో రకరకాల తీగలు కలిసిమెలిసి ఉండేవి గనుక కట్టలు కూడా కలిసే వచ్చాయి. అంటే ఆ ఓడల్లో బయల్దేరినవి పురుగు రాకముందు నాటి బోర్డో తీగలు, ఆరు రకాలూ చెక్కుచెదరక ముందటివి.

ఆపైన చిలీ భూగోళం వాటిని కాపాడింది. తూర్పున ఆండీస్ పర్వతాలు, పడమట పసిఫిక్ సముద్రం, ఉత్తరాన అటకామా ఎడారి, దక్షిణాన మంచు ప్రాంతం. ఫిలాక్సెరా చిలీ తోటల్లో ఇప్పటికీ కాలు పెట్టలేదు. అంటు అవసరం లేకుండా సొంత వేళ్ల మీద నిలబడ్డ ముసలి తోటలు అక్కడ ఇంకా ఉన్నాయి. ఇంకో సంగతి, నా దృష్టిలో మరింత ముఖ్యమైనది: మధ్య చిలీలో వసంతం, వేసవి పొడిగా గడుస్తాయి. పూత మీద చల్లని వాన పడడం అరుదు. బోర్డోలో ఏ బలహీనత కార్మెనేర్‌ను వెళ్లగొట్టిందో, ఆ బలహీనత చిలీలో బయటపడే అవకాశమే తక్కువ. ఎండ చాలాకాలం నిలుస్తుంది గనుక ఆలస్యంగా పండినా నష్టం లేదు. పురుగు రాకపోవడం వల్ల ఈ తీగ చావు తప్పించుకుంది. వాన రాకపోవడం వల్ల రైతు దాన్ని పీకెయ్యలేదు.

బతికింది సరే, పేరు ఎక్కడ పోయింది? ద్రాక్షను గింజతో పెంచరు, కొమ్మ కత్తిరించి నాటుతారు. కాగితం మీద రాసిన పేరు రెండు తరాల్లో పోతుంది, కొమ్మ మాత్రం అలాగే కొనసాగుతుంది. చిలీ తోటల్లో కార్మెనేర్, మెర్లో పక్కపక్కనే ఉన్నాయి. ఆకులు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. ఎవరో ఎప్పుడో రెండిటినీ కలిపి మెర్లో అన్నారు, నర్సరీలు ఆ పేరుతోనే కటింగులు అమ్మాయి. మన బంగినపల్లి మామిడి ఒక ఊళ్లో బేనిషాన్ అయి, ఢిల్లీ బజారులో సఫేదా అయినా పండు ఒకటే. చిలీలో జరిగింది దానికి తలకిందులు. రెండు పళ్లు ఒకే పేరు కింద నడిచాయి.

అయినా తోటలో పనిచేసేవాళ్ల కళ్లు పూర్తిగా మోసపోలేదు. ఈ తీగ మామూలు మెర్లో కాదని వాళ్లకు తెలుసు. దాన్ని 'చిలీ మెర్లో' అనేవారు. పెఉమో లోయ పేరు మీద 'మెర్లో పెఉమాల్' అని కూడా పిలిచేవారు. మెర్లోలోనే అదొక స్థానిక తరహా అని నమ్మారు. ఈ చిక్కుముడిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఆధారం ఇదే. శాస్త్రవేత్త రాకముందే రైతు తేడా చూశాడు, ఆ తేడాకు ఒక పేరు కూడా పెట్టుకున్నాడు. ఆ తేడా ఎంతటిదో చెప్పేవాళ్లే అతనికి లేకపోయారు.

తేడాలు చిన్నవి కావు. వసంతంలో కొత్తగా విచ్చుకునే మెర్లో ఆకు అడుగున తెల్లని నూగు ఉంటుంది. కార్మెనేర్ లేత ఆకు అడుగున ఎర్రని ఛాయ కనిపిస్తుంది. మెర్లో ఆకు నడిమి భాగం కాస్త పొడుగ్గా సాగి ఉంటుంది. శరదృతువులో కార్మెనేర్ ఆకులు ముదురు ఎరుపుకు తిరిగి తోటంతా మండుతున్నట్టు కనబడుతుంది. వీటన్నిటికన్నా పెద్ద తేడా పండే కాలంలో ఉంది. చిలీలో మెర్లో మార్చి నాటికి కోతకు వస్తే కార్మెనేర్ ఏప్రిల్ చివరికో, మే నెలకో గానీ పండదు. నాలుగైదు వారాల తేడా.

ఇక్కడ రుచి సాక్ష్యానికి వస్తుంది. 1980లలో, 90ల మొదట్లో చిలీ మెర్లో ఎగుమతి బాగా పుంజుకుంది. కొన్నవాళ్లు చవకైన మంచి వైన్ అన్నారు కానీ, అందులో ఒక పచ్చి వాసన ఉందని కూడా అన్నారు. కోసిన పచ్చి క్యాప్సికం వాసన. ఇతర దేశాల మెర్లోలో అంతగా కనిపించని గుణం ఇది. చిలీ నేల స్వభావం అలాంటిదని కొందరు సర్దుకున్నారు, వైన్ చేసేవాళ్ల చేతకానితనం అని కొందరు తీర్పు చెప్పారు. నిజానికి ఆ వాసన వెనుక ఒక అణువు ఉంది. దాని పేరు ఐసోబ్యూటైల్ మెథాక్సీ పైరజిన్. క్యాప్సికంకు ఆ వాసన ఇచ్చేది ఇదేనని 1969లోనే రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. లీటరు నీటిలో రెండు నానోగ్రాములు ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. ద్రాక్ష పచ్చిగా ఉన్నప్పుడు ఇది కాయల్లో పేరుకుంటుంది, రంగు తిరిగి పండే కొద్దీ తరిగిపోతుంది.

ఇప్పుడు రెండు ఆధారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే తోటలో మెర్లో పండింది. రైతు కోత మొదలుపెట్టాడు. మెర్లో అనే పేరున్నదంతా కోశాడు. అందులో సగం నిజంగా మెర్లో, పక్వానికి వచ్చింది. మిగతాది కార్మెనేర్, పండడానికి ఇంకా నెల పడుతుంది, పైరజిన్ దండిగా ఉంది. రెండూ ఒకే తొట్టిలో పడ్డాయి. వైన్‌లో పచ్చి వాసన రాక ఏం చేస్తుంది? ఒకవేళ రైతు కార్మెనేర్ పండేదాకా ఆగితే, అసలు మెర్లో తీగ మీదే ముడుచుకుపోయి రుచి చచ్చేది. కోత రోజుగా ఏది పెట్టుకున్నా సగం పంటకు అన్యాయం జరగక తప్పదు. తాగిన ప్రతివాళ్లకూ ఆ సాక్ష్యం నాలుక మీదే ఉంది. దాన్ని లోపం అనుకున్నారే గానీ, వేరే ద్రాక్ష తన ఉనికి చెబుతోందని ఎవరూ అనుకోలేదు.

మోంపెలియే నగరం ఈ కథలో రెండోసారి వస్తుంది. ద్రాక్ష తీగను ఆకు, చిగురు, పూత చూసి గుర్తుపట్టే శాస్త్రాన్ని ఆంపెలోగ్రఫీ అంటారు. 20వ శతాబ్దంలో దానికి పెద్ద దిక్కు మోంపెలియేలో బోధించిన పియెర్ గలే. ఆకు ఈనెల కోణాలను, పొడవులను కొలిచి రకాలను వేరుచేసే పద్ధతిని ఆయన స్థిరపరిచారు. ఆ సంప్రదాయంలో తయారైనవాడు జాన్-మిషెల్ బూర్సికో. ఆ దగ్గర్లోనే మధ్యధరా తీరపు ఇసుక నేలలో వాసాల్ అనే చోట 1949 నుంచి జాతీయ ద్రాక్ష సేకరణ ఉంది. ఇసుకలో ఫిలాక్సెరా బతకదు గనుక అక్కడ వేల రకాల తీగలు సొంత వేళ్ల మీద పెరుగుతాయి. బోర్డోలో వాణిజ్యంగా కనుమరుగైన కార్మెనేర్ అక్కడ సజీవంగా ఉంది. చిలీ రైతు ఎన్నడూ చూడని 'అసలు' కార్మెనేర్‌ను బూర్సికో కళ్లారా చూసి ఉన్నాడు. గుర్తుపట్టడానికి ముందు పరిచయం ఉండాలి కదా.

1994 నవంబర్‌లో ద్రాక్ష సాగు మీద జరిగిన లాటిన్ అమెరికా మహాసభకు బూర్సికో చిలీ వచ్చాడు. నవంబర్ 24న మైపో లోయలో ఆల్తో హవెల్ దగ్గరున్న వీన్యా కార్మెన్ తోటలకు వెళ్లాడు. అక్కడ వైన్ తయారీ చూసేవాడు ఆల్వారో ఎస్పినోసా. మన శీతకాలం మొదలయ్యే నవంబర్ చిలీలో వసంతం, ద్రాక్ష పూతకొచ్చే సమయం. ఆ వేళ అదృష్టం అనాలి. ఆకులు ఏడాదిలో చాలాకాలం ఉంటాయి, పూత కొద్ది రోజులే ఉంటుంది. మెర్లో అని చెప్పిన వరసల్లో బూర్సికో పూలు పరికించాడు. కేసరాలు మెలితిరిగి ఉన్నాయి. మెర్లో కేసరాలు అలా ఉండవు. ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని అక్కడికక్కడే చెప్పాడు. ఆ తేదీని ఇప్పుడు ప్రపంచ కార్మెనేర్ దినంగా జరుపుకుంటున్నారు.

కనిపెట్టడం ఒక్క రోజులో అయింది, ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. మెర్లో అన్న పేరుకు విదేశాల్లో గిరాకీ ఉన్న రోజులవి. తమ దగ్గర ఉన్నది మెర్లో కాదని ప్రకటించడం ఏ వ్యాపారికైనా కష్టమే. పైగా చట్టంలో కార్మెనేర్ అనే పేరే లేదు. వీన్యా కార్మెన్ సంస్థ ఆ ద్రాక్షతో చేసిన వైన్‌ను 'గ్రాండ్ విదూర్' అనే పాత బోర్డో పేరుతో అమ్మింది. చిలీ వ్యవసాయ శాఖ 1998లో కార్మెనేర్‌ను విడి రకంగా గుర్తించింది. ఆ నాలుగేళ్లలోనే అసలు పని జరిగింది: పూత కాలంలో, ఆకు రంగు తిరిగే కాలంలో తోటలు తిరిగి, ఏది ఏదో చూసి, చెట్టు చెట్టుకూ గుర్తు వేసి, కోత వేరుచేశారు. మెర్లో మార్చిలో, కార్మెనేర్ మేలో. ఎండ తగిలేలా గుత్తుల చుట్టూ ఆకులు తుంచారు. క్యాప్సికం వాసన వెనక్కి తగ్గింది, ముదురు నేరేడు రంగు, నల్లని పండ్ల రుచి, మిరియపు ఘాటు ముందుకొచ్చాయి. వగరు మెత్తన, పులుపు తక్కువ. ఒంటరిగా కాస్త వదులుగా అనిపించే ఈ ద్రాక్షకు కాబెర్నే సావిన్యోన్ బిగువు తోడైతే కూర్పు కుదురుతుంది. చిలీ మేటి బ్లెండ్ల రహస్యం ఇదే. ఫ్రాన్స్‌కు చెందిన రాత్‌షీల్డ్ కుటుంబ సంస్థ, చిలీకి చెందిన కోంచా ఇ తోరో కలిసి 1996 పంటతో మొదలుపెట్టిన అల్మావివా కూడా ఈ దారిలోనే నడిచింది.

కథ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. కార్మెనేర్ మెర్లోను అంతగా ఎందుకు పోలి ఉంది, పోలి ఉండీ పండే కాలంలో అంత దూరం ఎందుకు ఉంది? దీనికి సమాధానం పూలలో లేదు, డీఎన్ఏలో ఉంది.

1990లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో కరోల్ మెరెడిత్, జాన్ బవర్స్ ద్రాక్ష రకాలకు డీఎన్ఏ గుర్తులు తయారుచేస్తున్నారు. రకాలను నికరంగా గుర్తుపట్టడమే వాళ్ల ఉద్దేశం. డీఎన్ఏలో కొన్ని చోట్ల చిన్న చిన్న అక్షర సమూహాలు పదే పదే వస్తాయి, ఎన్నిసార్లు వస్తాయన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఒక్కో చోట బిడ్డకు రెండు ప్రతులు, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. పట్టికలు చూస్తుండగా కాబెర్నే సావిన్యోన్‌కు ఉన్న ప్రతి గుర్తులో సగం కాబెర్నే ఫ్రాంక్‌లో, మిగతా సగం సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షలో దొరికాయి. 30 చోట్ల సరిచూసినా లెక్క తప్పలేదు. 1997లో ప్రకటించారు. రోమన్ల కాలం నుంచి వస్తోందని కొందరు నమ్మిన ఎర్ర ద్రాక్షల రాజు, ఫ్రాన్స్ తోటలో ఎప్పుడో ఒక నల్ల ద్రాక్ష, ఒక తెల్ల ద్రాక్ష యాదృచ్ఛికంగా కలిసి రాల్చిన ఒకే ఒక్క గింజ నుంచి మొలిచింది. ప్రపంచంలో ఉన్న కాబెర్నే సావిన్యోన్ తీగలన్నీ ఆ ఒక్క మొక్క కొమ్మలే.

అదే పద్ధతితో మెర్లోను చూస్తే ఒక పక్క కాబెర్నే ఫ్రాంకే వచ్చింది. రెండో పక్క ఖాళీ. పేరున్న ఏ రకంతోనూ సరిపోలలేదు. ఇటు 1996లో బ్రిటనీ తీరాన సాన్-సూల్యాక్ అనే ఊరి దగ్గర పాడుబడ్డ కొండవాలులో పేరు తెలియని ఒక ద్రాక్ష తీగ దొరికింది. ద్రాక్ష సాగు ఎప్పుడో ఆగిపోయిన ప్రాంతం అది. ఆ తీగను సేకరణలో చేర్చారు. తర్వాత అదే రకం దక్షిణాన షరాంత్ ప్రాంతపు నాలుగు పల్లెల్లో, ఇళ్ల గుమ్మాల దగ్గర పందిరి తీగలుగా కనిపించింది. అక్కడివాళ్లు దాన్ని మడలేన్ ద్రాక్ష అనేవారు, ఎందుకంటే జూలై 22న వచ్చే మడలేన్ పండుగ నాటికే పండడం మొదలవుతుంది. బూర్సికో బృందం 2009లో లెక్క పూర్తిచేసింది. మెర్లోకు తల్లి ఈ పెరటి ద్రాక్షే. మడలేన్ నువార్ దె షరాంత్ అని పేరు పెట్టారు. మాల్బెక్‌కు కూడా తల్లి ఇదేనని తేలింది.

అదే పరిశోధనలో కార్మెనేర్ కూడా తేలింది. ఒక పక్క గ్రో కాబెర్నే అనే పాత రకం, మరో పక్క మళ్లీ కాబెర్నే ఫ్రాంక్. అంటే మెర్లో, కార్మెనేర్, కాబెర్నే సావిన్యోన్ మూడూ కాబెర్నే ఫ్రాంక్ సంతానమే, సవతి తోబుట్టువులు. చిలీలో రెండిటినీ పొరబడడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు, రక్తసంబంధం కూడా. క్యాప్సికం వాసన కూడా కుటుంబపు ఆస్తే. కాబెర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్, కాబెర్నే సావిన్యోన్, కార్మెనేర్ నాలుగింటిలోనూ ఆ పైరజిన్ ప్రముఖం. ఇక మెర్లో తొందర? జూలైలోనే పండే తల్లి కడుపున పుట్టిన ద్రాక్ష మార్చిలోనే కోతకు రావడంలో, ఆ తల్లి లేని కార్మెనేర్ మే దాకా ఆగడంలో వింత లేదని నేననుకుంటాను. శాంతియాగో దగ్గర తొట్టిలో నూరేళ్లు రుచిని పాడుచేసిన ఆ నెల రోజుల తేడాకు మూలం షరాంత్ పల్లెల్లో గుమ్మం పక్కన పాకిన తీగలో ఉంది.

కార్మెనేర్ దాక్కున్నది చిలీలో ఒక్కచోటే కాదు. ఉత్తర ఇటలీలో చాలాకాలం దాన్ని కాబెర్నే ఫ్రాంక్ అనే నమ్మారు. ఫ్రాంచాకోర్తాలోని కా దెల్ బోస్కో సంస్థ నిజం తెలిశాక ఆ ద్రాక్షతో చేసిన వైన్‌కు 'కార్మెనేరో' అని పేరు పెట్టింది. చైనాలో యాంతాయ్ నగరంలో 1892లో మొదలైన చాంగ్‌యు సంస్థ యూరప్ నుంచి తీగలు తెప్పించింది. అక్కడ 'కాబెర్నే గెర్నిష్ట్' అనే పేరుతో పెరిగిన రకం కార్మెనేరేనని డీఎన్ఏ చెప్పింది. పుట్టినచోట పోయిన ద్రాక్ష మూడు దేశాల్లో మూడు మారుపేర్లతో తలదాచుకుంది.

మరి 1855లో మెడాక్ దొరలు తాగిన వైన్ క్లో అపాల్టాలాగే ఉండేదా? ఉండేది కాదనే నా అభిప్రాయం. చిలీ ఎండ వేరు, నేల వేరు, పీపాల వాడకం వేరు, పక్వానికి ఎదురుచూసే ఓపిక వేరు. కానీ దినుసుల జాబితా వరకు చూస్తే, ఆనాటి మెడాక్ తోటకు ఈనాటి మెడాక్ కన్నా అపాల్టానే దగ్గర. ఆ దగ్గరితనాన్ని నిలిపింది పేరు తెలియకుండానే కొమ్మ కోసి నాటుతూ వచ్చిన చిలీ రైతులు. బూర్సికోకు దక్కిన కీర్తి న్యాయమైనదే. 'మెర్లో పెఉమాల్' అని విడిగా పిలిచి ఆ తీగను పీకకుండా ఉంచినవాళ్లకు అందులో వాటా రావాలి.

ఈనాడు చిలీలో కార్మెనేర్ పదివేల హెక్టార్ల చుట్టుపక్కల సాగవుతోంది. బోర్డోలో అతి కొద్ది తోటల్లో మాత్రమే ఉంది. 1855 పట్టికలో ఐదో శ్రేణిలో ఉన్న పోయాక్‌లోని షాతో క్లెర్ మిలోన్ 1970 నుంచి రాత్‌షీల్డ్ కుటుంబానిది. చిలీలో అల్మావివా చేస్తున్న ఆ కుటుంబం, క్లెర్ మిలోన్ బ్లెండ్‌లో ఇప్పటికీ దాదాపు ఒక శాతం కార్మెనేర్ కలుపుతుంది.